వర్ణము, వాణి, వేషము: బొమ్మల కథలు వెండితెర కెక్కినప్పుడు

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం చెంత మూడు కొండలు ఇరుగుపొరుగు ఇండ్లవలె నిలిచి ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, మరొకదానిపై క్రైస్తవుల ప్రార్థనామందిరం, ఇంకొకదానిపై ఇస్‌హాఖ్ మదీనా వారి దర్గా. 1933లో రేవు ప్రారంభమైన నాటినుండి వచ్చే పోయే ఓడలలోని నావికులు ఏ దేశస్థులైనా, ఏ వర్ణంవారైనా, మొదట ఈ మూడు కొండలనే చూస్తారు. ఉక్కు కర్మాగారం వెలసిన తరువాత దేశం నలుమూలలనుండి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఈ నగరపు బాలబాలికలకు భిన్నమైన ముఖాలు, భిన్నమైన పలుకుబడులు వింత కాదు; నిత్యానుభవం. అటువంటి నగరంలో కూడ చలనచిత్రశాలలో దీపాలు ఆరిన వెంటనే నాయకుని ముఖం ఒకే ఛాయలో, నాయకుని పలుకు ఒకే తీరులో ప్రత్యక్షం కావడం ఎందువల్ల? ఈ ప్రశ్నకు సమాధానం కావలెనంటే, బొమ్మల కథలను మనుష్యులతో తిరిగి చిత్రించినప్పుడు గత మూడు దశాబ్దాలుగా ప్రపంచమంతటా చెలరేగిన వివాదాలను పరిశీలించడం అవసరం.

బొమ్మకు పుట్టుకతో జాతి లేదు. గీసినవాడు దానికి ఒక జాతిని, ఒక దేశాన్ని, ఒక వేషాన్ని ఇస్తాడు. పలికినవాడు దానికి ఒక గొంతును ఇస్తాడు. బొమ్మ బొమ్మగా ఉన్నంతకాలం ఈ ఎన్నిక తెర వెనుక మరుగుపడి ఉంటుంది. అదే కథను రక్తమాంసాలు గల నటులతో తీయబూనినప్పుడు మాత్రం, ఎవరి శరీరం ఎవరికి ప్రతినిధి అన్న సమస్య దాపరికం లేకుండ ముందుకు వస్తుంది.

గాలినేలేవాడు

2005 నుండి 2008 వరకు అమెరికాలోని నికెలోడియన్ దూరదర్శన సంస్థ ప్రసారం చేసిన 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' ధారావాహిక ఇందుకు మొదటి ఉదాహరణం. దీని సృష్టికర్తలు మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కోనియెట్స్కో ఇద్దరూ శ్వేతజాతీయులే అయినా, వారు కల్పించిన లోకం ఆసియా ఖండపు నాగరికతలనుండి, ఉత్తరధ్రువ ప్రాంతపు ఆదిమజాతులనుండి రూపొందింది. కథానాయకుడైన బాలుడు బౌద్ధభిక్షువును తలపిస్తాడు. అతని స్నేహితులైన అన్నాచెల్లెళ్లు మంచుదేశపు చామనఛాయ బిడ్డలు.

2008 డిసెంబరులో దీని చలనచిత్రరూపానికి నటుల పేర్లు వెలువడినప్పుడు నాలుగు ప్రధానపాత్రలకూ శ్వేతజాతీయులే ఎంపికైనట్లు తేలింది. అభిమానులు ఉత్తరాలు వ్రాశారు, సంఘంగా ఏర్పడి నిరసన తెలిపారు. ఆ నలుగురిలో ఒకరు తప్పుకొనగా, నాయకుని తరిమే అగ్నిరాజ్య యువరాజు పాత్ర భారతసంతతికి చెందిన బ్రిటిష్ నటుడు దేవ్ పటేల్‌కు దక్కింది. దీనితో సమస్య తీరకపోగా మరింత విషమించింది. 2010లో చిత్రం విడుదలయ్యేనాటికి లోకాన్ని రక్షించే బిడ్డలు శ్వేతజాతీయులు, లోకాన్ని దహించే రాజ్యంలోనివారు భారతీయ, పశ్చిమాసియా ముఖాలవారు అన్న విభజన స్థిరపడిపోయింది.

ఇందులో గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. ఈ చిత్రదర్శకుడు ఎం. నైట్ శ్యామలన్ 1970లో మాహేలో జన్మించినవాడు. గోదావరి ముఖాన ఉన్న యానాం వలెనే మాహే కూడ ఒకనాటి ఫ్రెంచి వలస. కనుక 'ఇది తెల్లవారి కుట్ర' అన్న సులభమైన తీర్పు ఇక్కడ చెల్లదు. తన చిత్రంలో వైవిధ్యానికి లోటు లేదని దర్శకుడు సమర్థించుకున్నాడు. లెక్కకు అది నిజమే. కాని అన్యాయం తలల లెక్కలో లేదు, పాత్రల పంపకంలో ఉన్నది. పంక్తిలో అందరినీ కూర్చుండబెట్టి, కొందరి విస్తళ్లలో మాత్రమే వడ్డించినవాడు 'అందరినీ పిలిచాను గదా' అనడం వంటిది ఆ సమర్థన. 2024లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఇదే కథను తిరిగి తీసినప్పుడు నాయకుని పాత్రను ఫిలిప్పీన్స్ సంతతి బాలునికి, నాయిక పాత్రను మోహాక్ ఆదిమజాతి బాలికకు ఇవ్వడాన్నిబట్టి, నిరసించినవారి మాట వృథా పోలేదని తెలుస్తున్నది.

అల్లాఉద్దీన్ ఏ దేశస్థుడు?

ముస్లిం పాఠకులకు మరింత సన్నిహితమైనది అల్లాఉద్దీన్ ఉదంతం. 1992లో డిస్నీ సంస్థ నిర్మించిన బొమ్మల చిత్రంలో నాయకుడు, నాయిక లేత ఛాయలో, అమెరికన్ ఉచ్చారణతో కనిపిస్తారు. అంగడివారు, భటులు, దుష్టమంత్రి మాత్రం వంకర ముక్కులతో, కరకు యాసతో, కత్తులు ఝళిపిస్తూ కనిపిస్తారు. ఒకే నగరపు ప్రజలలో మంచివారికి ఒక గొంతు, చెడ్డవారికి మరొక గొంతు ఎట్లు వచ్చిందో చిత్రం చెప్పదు. చెప్పవలసిన అవసరం ఉన్నదని నిర్మాతలకు తోచలేదు. ప్రారంభగీతంలో ఆ దేశాన్ని చెవులు కోసే అనాగరికదేశంగా వర్ణించిన పాదంపై అరబ్-అమెరికన్ సంఘాలు తీవ్రంగా అభ్యంతరం తెలుపగా, 1993లో ఆ చెవికోత మాటను మార్చారు. అనాగరికమన్న విశేషణం మాత్రం ఆ పాదంలో నిలిచే ఉన్నది.

ఇది పిల్లల వినోదం, దీనికింత రాద్ధాంతమా అనేవారు లేకపోలేదు. వారికి 2015 డిసెంబరులో అమెరికాలో జరిగిన ఒక అభిప్రాయసేకరణ సమాధానం చెప్పగలదు. అగ్రబా అనే దేశంపై బాంబులు వేయడానికి సమ్మతమేనా అని ఒక సంస్థ రిపబ్లికన్ పార్టీ ఓటర్లను ప్రశ్నించగా, నూటికి 30 మంది సమ్మతమే అన్నారు. డెమొక్రాట్లలో సైతం నూటికి 19 మంది అదే మాట అన్నారు. అగ్రబా ఎక్కడా లేదు. అది అల్లాఉద్దీన్ బొమ్మల చిత్రం కోసం కల్పించిన నగరం. అరబ్బు ధ్వని గల ఒక పేరు వినబడగానే బాంబు గుర్తుకు వచ్చే మనఃస్థితి ఒక్క చిత్రంవల్ల ఏర్పడిందని ఎవరూ అనలేరు. అయితే దశాబ్దాల తరబడి అరబ్బును దొంగగా, క్రూరునిగా చూపిన చిత్రపరంపర అందుకు దోహదం చేయలేదని కూడ అనలేరు. అమెరికన్ ఆచార్యుడు జాక్ షహీన్ 2001లో ప్రచురించిన తన గ్రంథంలో వందలాది హాలీవుడ్ చిత్రాలను వరుసగా పరిశీలించి నిరూపించిన విషయం ఇదే.

2019లో ఇదే కథను నటులతో తిరిగి తీసినప్పుడు నిర్మాతలు కొంత జాగ్రత్త వహించారు. ఈజిప్టులో పుట్టిన మీనా మసూద్ అల్లాఉద్దీన్ పాత్ర ధరించాడు. రాకుమారి పాత్రకు ఆంగ్లేయుడైన తండ్రి, ఉగాండాకు చెందిన గుజరాతీ కుటుంబపు తల్లి గల నయొమీ స్కాట్ ఎంపిక కాగా, అరబ్బు యువతి దొరకలేదా అని కొందరు ప్రశ్నించారు. 2018 జనవరిలో మరొక విషయం బయటపడింది. కొన్ని సన్నివేశాలలో శ్వేతజాతి సహాయనటులకు మేకప్‌తో రంగు ముదురు చేసినట్లు సంస్థ అంగీకరించింది. సాహసకృత్యాలు, జంతువులను అదుపుచేయడం వంటి ప్రత్యేక నైపుణ్యం అవసరమైన కొద్ది సందర్భాలలోనే అట్లు చేశామని వివరించింది. ఇంగ్లండు వంటి దేశంలో నల్లని, చామనఛాయ మనుష్యులకు కరువు లేదు గదా అన్న ప్రశ్నకు ఆ వివరణలో జవాబు లేదు. తెల్లని తార లేకపోతే చిత్రం నష్టపోతుందన్న పాత వాదాన్ని మాత్రం ఈ చిత్రమే పటాపంచలు చేసింది. ప్రపంచవ్యాప్తంగా దాని వసూళ్లు సుమారు 105 కోట్ల డాలర్లు.

అయితే అల్లాఉద్దీన్ అరబ్బుగానే ఉండవలెనన్న పట్టుదలకు కూడ చారిత్రకమైన ఆధారం బలహీనమే. ఈ కథ వేయిన్నొక్క రాత్రుల ప్రాచీన అరబ్బీ ప్రతులలో లేదు. 1709లో పారిస్ నగరంలో హన్నా దియాబ్ అనే అలెప్పో క్రైస్తవుడు చెప్పగా విని ఫ్రెంచి పండితుడు అంత్వాన్ గలాన్ తన అనువాదంలో చేర్చినది. ఆ కథలో అల్లాఉద్దీన్ చీనా దేశపు దర్జీ కొడుకు! సిరియా క్రైస్తవుడు చెప్పిన, ఫ్రెంచివాడు వ్రాసిన, చీనాలో నడిచే ముస్లిం కథ ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. కాబట్టి విమర్శకుడు నిలదీయవలసినది నటుని వంశవృక్షాన్ని కాదు. చిత్రం ఏ జనాన్ని చూపుతున్నదో ఆ జనానికి అందులో గౌరవం దక్కినదా, పని దక్కినదా, అన్నవే అసలు ప్రశ్నలు.

గొంతు సంగతి

వర్ణంవలెనే వాణి కూడ అపహరణకు గురికాగలదని నిరూపించినవాడు ఒక తెలుగు బిడ్డ కావడం విశేషం. తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్కులో జన్మించిన హాస్యనటుడు హరి కొండబోలు 2017లో అపూ పాత్రను గురించి ఒక డాక్యుమెంటరీ చిత్రం నిర్మించాడు. 'ది సింప్సన్స్' అనే బొమ్మల ధారావాహికలో 1990 నుండి కనిపిస్తున్న కిరాణా దుకాణందారు అపూ భారతీయుడు. అతనికి గొంతు ఇచ్చినది హాంక్ అజేరియా అనే శ్వేతజాతి నటుడు. ఆ యాస ఏ భారతీయునిదీ కాదు. భారతీయుడు ఇట్లు మాట్లాడునని అమెరికన్లు ఊహించుకొన్న యాస. ఒక తరం భారతసంతతి బాలలు బడిలో ఆ యాసతో వెక్కిరింపబడ్డారు. తండ్రి మాటతీరు తోటివారికి నవ్వులాట కావడం బిడ్డ మనస్సుకు ఎట్టి గాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

2018 ఏప్రిల్‌లో ఆ ధారావాహికవారు ఈ విమర్శను తేలికగా కొట్టిపారవేశారు. కాని 2020 జనవరిలో అజేరియా ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనని ప్రకటించాడు. అదే సంవత్సరం జూన్‌లో శ్వేతేతర పాత్రలకు శ్వేతజాతి నటులచే పలికించబోమని నిర్మాతలు ప్రకటించారు. అపూను తొలగించమని కొండబోలు కోరలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. ఒక్క అపూ స్థానంలో పలు రకాల భారతీయులు కనిపించవలెనన్నదే ఆయన ఆకాంక్ష. ఉన్నది ఒకే ఒక అద్దమైనప్పుడు, అది వంకర అద్దమైతే, ముఖం చూచుకొనే దారి మరొకటి ఉండదు.

తెలుగు తెర

ఇతరుల తప్పు ఎన్నడం సులభం. కాబట్టి ఈ కొలతనే తెలుగు తెరకు అన్వయించి చూడవలసి ఉన్నది. 1957లో 'అల్లావుద్దీన్ అద్భుతదీపం'లో అక్కినేని నాగేశ్వరరావు అల్లావుద్దీన్‌గా, ఎస్.వి. రంగారావు మాంత్రికుడుగా నటించారు. 1968లో 'బాగ్దాద్ గజదొంగ', 1970లో 'ఆలీబాబా 40 దొంగలు' చిత్రాలలో నందమూరి తారకరామారావు నాయకుడు. తెలుగువాడు అరబ్బు వేషం కట్టినందుకు ఎవరూ నొచ్చుకొనలేదు, నొచ్చుకోవలసిన పనీ లేదు. నాయకుని గౌరవం ఆ పాత్రకే దక్కింది. నాయకుడు, ప్రతినాయకుడు ఒకే తెలుగు పలికారు. డిస్నీ చిత్రంలోవలె మంచికి ఒక యాస, చెడుకు ఒక యాస అన్న పంక్తిభేదం అక్కడ లేదు. అయితే బాగ్దాద్ అనగానే దొంగలు, మాయలు, నర్తకీమణులు తప్ప, గ్రంథాలయాలు, వైద్యశాలలు, బైతుల్ హిక్మా గల విద్యానగరం తెలుగు ప్రేక్షకునికి స్ఫురింపకపోవడానికి ఈ చిత్రాలు కూడ కొంత కారణమని ఒప్పుకోక తప్పదు.

సమకాలీన కథలలో పరిస్థితి ఇంతకంటె చింతింపదగినది. తెలుగు సినిమాలో సాయిబు పాత్రకు దీర్ఘకాలంగా ఒక కట్టుడు యాస ఉన్నది. క్రియాపదాలు విరిచి, లింగవచనాలు తారుమారు చేసి, నడుమ నాలుగు ఉర్దూ మాటలు చల్లితే సాయిబు తెలుగు సిద్ధమైనట్లే. విశాఖ పాతనగరంలోనో, భీమిలిలోనో, విజయనగరంలోనో నివసించే ముస్లిం ఇంట ఉర్దూ మాట్లాడినా, వీధిలో, చేపలరేవులో, కర్మాగారంలో మాట్లాడేది పొరుగువాడు మాట్లాడే ఉత్తరాంధ్ర తెలుగే. అతని గొంతు తెరపై వినబడదు. దానికి బదులు వినబడేది, అపూ యాసవలె, ఏ మనిషిదీ కాని యాస.

ఈ అన్యాయం ముస్లింలకే పరిమితం కాదు. ఉత్తరాంధ్ర పలుకుబడికి జరిగినది కూడ ఇదే. 1897లో గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' ప్రకటించినప్పుడు ఈ ప్రాంతపు వాడుకమాట మహాసాహిత్యానికి తగిన భాషగా నిరూపణ పొందింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖ వీధుల మాటతో, న్యాయస్థానాల మెట్లెక్కే నిరుపేదల బ్రతుకులను చిత్రించారు. సాహిత్యంలో ఇంతటి ఘనత గల ఈ పలుకుబడి సినిమాలో ప్రవేశించేసరికి ఎక్కువగా పనిమనిషికి, హాస్యగానికి మిగిలింది. 2020లో వచ్చిన 'పలాస 1978' వంటి చిత్రాలలో ఆ భాషతోనే నాయకుడు కోపగించడం, ప్రేమించడం, దుఃఖించడం విన్నప్పుడు ఈ ప్రాంతపు ప్రేక్షకుడు పొందిన తృప్తి, పోగొట్టుకొన్న వస్తువు దొరికినప్పటి తృప్తి.

వర్ణం విషయం ఇంకను స్పష్టం. కూలివాడు, అడవిలో పనిచేసేవాడు కథానాయకుడైనప్పుడు నటుని ముఖానికి నలుపు పూయడం ఇటీవలి ఆచారం. 2021లో వచ్చిన 'పుష్ప' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణం. పుట్టుకతో నల్లనివారికి కొరత లేని దేశంలో నలుపును డబ్బాలోనుండి తీసి పూయడం, 2018లో డిస్నీవారు చెప్పుకొన్న సంజాయిషీకి ఏ విధంగాను భిన్నం కాదు.

టోపీ వివాదం

2020 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' చిత్రం గురించి జరిగిన వివాదం ఈ చర్చలో ప్రత్యేకస్థానం పొందవలసినది. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం పేర్లతో అల్లిన ఈ కల్పితకథలో, ఢిల్లీలో మారువేషంలో ఉన్న భీం 'అఖ్తర్' అనే పేరుతో, తలపై టోపీతో కనిపిస్తాడు. అల్లూరి 1897లో నాటి విశాఖపట్నం జిల్లాలోని పాండ్రంగిలో జన్మించినవాడు. భీం ఆదిలాబాద్ అడవులలో నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించి 1940లో అమరుడైన గోండు వీరుడు. ప్రచారచిత్రం వెలువడగానే ఆదివాసీ ప్రతినిధులు, కొందరు రాజకీయ నాయకులు నిరసన తెలిపారు.

ఈ నిరసనలో రెండు వేర్వేరు మాటలు కలగలిసిపోయాయి. గోండు వీరుని గోండుగానే చూపవలెనన్నది మొదటి మాట. ఇది న్యాయమైనది, మంచుదేశపు బిడ్డల పక్షాన అమెరికాలో వినబడిన వాదానికి ఇది తోడబుట్టినది. అతని తలపై టోపీ ఉండడమే అతనికి అవమానమన్నది రెండవ మాట. ఇది న్యాయమైనది కాదు. కథలో ఆ టోపీ, ప్రాణాపాయంలో ఉన్న అతిథికి ఒక ముస్లిం కుటుంబం కల్పించిన ఆశ్రయానికి చిహ్నం. ఆశ్రయమిచ్చిన చేతిని మరకగా భావించడం వీరుని గౌరవాన్ని పెంచదు. ఈ కోలాహలంలో అడగవలసిన మూడవ ప్రశ్న మరుగున పడింది. భీం పాత్రను ధరించినది గోండు కాదు, ప్రసిద్ధ సినీకుటుంబపు నటుడు. టోపీ గురించి అంత దూరం వాదించినవారు తల గురించి అంతగా విచారించలేదు. మన్యపు తిరుగుబాటులో అల్లూరి వెంట నడచిన గాం గంటందొర, గాం మల్లుదొర వంటి వీరుల వారసులకు తెరపై జరుగుతున్న అన్యాయం కూడ ఈ మూడవ ప్రశ్నలోనే ఇమిడి ఉన్నది.

రెండు సూచనలు

నటన అంటేనే పరకాయప్రవేశం, ఎవరి పాత్ర వారే ధరించవలెనంటే కళ ఎక్కడిది అన్న ఆక్షేపణకు బలం లేకపోలేదు. మానవులందరూ సమానులే అయినప్పుడు వర్ణం మాట ఎందుకు అన్నది దానికి అనుబంధమైన ప్రశ్న. ఇస్లాం బోధను చూపి కూడ కొందరు ఈ మాట అంటారు. దైవప్రవక్త (స) అంతిమ హజ్ సందర్భంలో అరబ్బుకు అరబ్బేతరునిపై, తెల్లనివానికి నల్లనివానిపై ఎట్టి ఆధిక్యమూ లేదని, దైవభీతి ఒక్కటే కొలబద్ద అని ప్రకటించారు. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ అధ్యాయపు పదమూడవ వాక్యం కూడ ఇదే సత్యాన్ని బోధిస్తున్నది. అయితే ఆధిక్యం లేదన్నంత మాత్రాన అస్తిత్వం లేదని కాదు. రూమ్ అధ్యాయపు ఇరువదిరెండవ వాక్యం మానవుల భాషలలోని, వర్ణాలలోని భేదాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. సూచన చెరిపివేయడానికి కాదు, చూచి గ్రహించడానికి. భాష, వర్ణం రెండూ అక్కడ పక్కపక్కనే చెప్పబడటం ఈ చర్చకు ఎంతో ఉపకరిస్తుంది. వర్ణాన్ని డబ్బాలోని రంగుగా, భాషను వెక్కిరింపు యాసగా మార్చినవాడు ఆ రెండు సూచనలనూ పోగొట్టుకొంటున్నాడు.

ముస్లిం కళాకారుల ప్రయత్నాలు కూడ ఇక్కడ స్మరింపదగినవి. 1976లో ముస్తఫా అక్కాద్ 'ది మెసేజ్' చిత్రాన్ని రెండు రూపాలలో తీశాడు. ఆంగ్లరూపంలో హజ్రత్ హంజా (ర) పాత్రకు ఆంథొనీ క్విన్, అరబ్బీరూపంలో అబ్దుల్లా గైస్. ఒకే కథకు, ఒకే దృశ్యాలకు ఇద్దరు నటులు. 2015లో దుబాయిలో హజ్రత్ బిలాల్ (ర) జీవితం ఆధారంగా బొమ్మల చిత్రం తయారైంది. పెరిగిన బిలాల్‌కు గొంతు ఇచ్చినవాడు నైజీరియా సంతతి నటుడు. సహాబాలను చిత్రించడం విషయంలో ధర్మవేత్తలలో అభిప్రాయభేదం ఉన్నది. ఆ విచారణ ఈ వ్యాసపరిధికి వెలుపలిది. ముస్లిం సమాజం తన ఇంటిని కూడ పరిశీలించుకోవలసి ఉన్నదని మాత్రం చెప్పక తప్పదు. పెండ్లి సంబంధం మాట వచ్చినప్పుడు పిల్ల ఛాయను గురించి మొదట ప్రశ్నించే కుటుంబానికి డిస్నీ సంస్థను తప్పుపట్టే అర్హత సగమే ఉంటుంది.

అజాన్ పదాలు మొదట అబ్దుల్లా బిన్ జైద్ (ర) స్వప్నంలో విన్నారని, వాటిని బిలాల్‌కు నేర్పమని, ఆయన గొంతు మేలైనదని దైవప్రవక్త (స) ఆదేశించారని హదీసులో ఉన్నది. ఇది నటనకు పోలిక కాదు. కాని యోగ్యతను గుర్తించే పద్ధతికి నిదర్శనం. కల కన్నవాని కులీనత అడ్డు రాలేదు. పిలిచేవాని నలుపు, అతడు నిన్నటి బానిస అన్న సంగతి అడ్డు రాలేదు. గొంతును గొంతుగా విన్నారు. మక్కా విజయదినాన అదే గొంతు కాబాపైనుండి వినబడినప్పుడు కొందరు ఖురైషు ప్రముఖులకు అది మింగుడుపడలేదని చరిత్ర చెబుతున్నది. వారిని నొప్పించినది పిలుపు కాదు, పిలిచిన ముఖం.

నిర్మాతలు యోగ్యతను గురించి చెప్పే మాట నిజాయితీగా చెబుతున్నదే అయితే దానికి పరీక్ష సులభం. నల్లని నటునికి తెల్లని పాత్ర, గోండు యువకునికి రాజు పాత్ర, సాయిబుకు సాయిబు కాని నాయకపాత్ర ఎన్నిమార్లు దక్కాయో లెక్కించి చూస్తే చాలు. తలుపు ఒకవైపుకే తెరుచుకొంటున్నంతకాలం దానిని పరకాయప్రవేశమనడం చెల్లదు. అది రెండువైపులా తెరుచుకొన్ననాడు, 1957 నాటి అల్లావుద్దీన్ విషయంలోవలె, ఎవరు ఏ వేషం కట్టినా తగవు ఉండదు.

విశాఖ దర్గా కొండ దిగువన ఉన్న వీధులలో ఒక బాలిక 2019 నాటి అల్లాఉద్దీన్‌ను తెలుగులో చూచి ఉంటే, ఆమె విన్నది వెంకటేష్, వరుణ్ తేజ్ గొంతులు. ఆ కథలోనివారి పేర్లు తన ఇంటి పేర్లవంటివి; వారి పలుకు తన బడిలోని తెలుగు. ఆ రెంటినీ ఒకే ముఖంలో, ఒకే గొంతులో, వెక్కిరింపు లేకుండ కలిపి చూపే తెలుగు చిత్రం ఆమెకు అందవలసి ఉన్నది. దానికి మాంత్రికుని దీపం అక్కరలేదు. ఆమె వీధిలో కాసేపు నిలబడి, అక్కడివారు ఎట్లు మాట్లాడుకొంటున్నారో వినే రచయిత, దర్శకుడు ఉంటే చాలు.